జలశ్వాస ఆవిష్కరణ

లోవరాజు కనిపెట్టిన వస్తువుల గురించి ఎవరైనా అడిగితే శ్రీదేవికి ముందు చిరాకు వచ్చేది, ఆ తర్వాతే మాట వచ్చేది. నూనె తనంతట తనే దిగే దువ్వెన ఒకటి. ఆ నూనె తల ఒక్కటీ తప్ప మెడకీ, జాకెట్టుకీ, దిండుకీ అన్నిటికీ అంటేది. మోకాళ్ల నొప్పులు లాగేస్తాయన్న అయస్కాంతం చెప్పులు ఇంకొకటి. చీడికాడ నుంచి వచ్చిన ఓ పెద్దాయన వాటిని తొడుక్కుని అనకాపల్లి బస్టాండులో నాలుగు అడుగులు వేసేసరికి, నేలమీదున్న మేకులూ సోడా మూతలూ వచ్చి అడుగున అతుక్కున్నాయి. ఆ తర్వాత దోమల్ని తరిమే దిండు వచ్చింది. దాని కంపుకి దోమల మాట ఎలా ఉన్నా మనుషులు మాత్రం గది ఖాళీ చేశారు.

ఇన్ని పోయినా లోవరాజు మొహంలో ఓడిపోయిన కళ ఏనాడూ కనపడలేదు. ఒకటి పోగానే రెండోదానికి విజిటింగ్ కార్డులు కొట్టించేవాడు. కార్డు మీద పేరు కింద 'ఇన్వెంటర్' అని బంగారు రంగులో ఉండేది. అతను కనిపెట్టినవాటిలో చెప్పినట్టు పని చేసినది ఆ మాట ఒక్కటేనని శ్రీదేవి అనేది. నలుగురిలో ఆ కార్డు తీస్తే నిజంగానే కుర్చీ వేసేవారు.

లోవరాజు ఆమెకి రెండు వైపులా బావ. మేనత్త దేముడమ్మ కొడుకు, పైగా అక్క మణికి మొగుడు. అందుకని ఎంత అసహ్యం వేసినా 'బావా' అనకుండా మాట మొదలుపెట్టడానికి వీల్లేదు. శ్రీదేవి విశాఖపట్నంలో రెస్పిరేటరీ థెరపీ చదివి, అనకాపల్లిలోనే ఓ ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో పని చేస్తోంది. రోజంతా ఊపిరి అందని మనుషుల మధ్య తిరిగే మనిషి. ఏ రోగికి ఎంత ఆక్సిజన్ పెట్టాలి, వెంటిలేటర్ ఎప్పుడు తీయాలి అన్నది ఆమె పని. గాలితో ఆటలాడేవాళ్లంటే ఆమెకి మామూలు మనుషులకి ఉండేదానికన్నా ఎక్కువ ఒళ్లు మంట.

దేముడమ్మ వయసంతా బెల్లం పొయ్యి దగ్గరే గడిచింది. చెరకు పిప్పి ఎగదోస్తూ, పెనంలో పొంగుతున్న రసాన్ని చూసుకుంటూ, ఆ పొగలోనే పిల్లల్ని పెంచింది. ఇప్పుడు ఆమె ఊపిరితిత్తులు సగానికి సగం పనికిరాకుండా పోయాయి. పెరట్లోకి వెళ్లి రావాలన్నా మధ్యలో గోడ పట్టుకుని నిలబడాల్సిందే. శ్రీదేవే పట్టుబట్టి ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెట్టించింది. గదిలో గాలినే పీల్చుకుని, అందులోంచి ఆక్సిజన్ వేరు చేసి, సన్నటి పైపులోంచి ముక్కుకి పంపే యంత్రం అది. కరెంటు మీద నడుస్తుంది. కాసేపటికోసారి లోపల బుస్సుమని ఒక నిట్టూర్పు విడిచి, మళ్లీ దడదడలాడుతుంది. దేముడమ్మకి ఆ చప్పుడు అలవాటైపోయింది. లోవరాజుకి మాత్రం అలవాటు కాలేదు. తల్లి ముక్కుకి ఇంకెవరో కనిపెట్టిన మిషను తగిలించి ఉండడం అతనికి నామోషీ.

ఓ ఆదివారం ఉదయం అతను శ్రీదేవిని ఇంటికి పిలిచి, టేబుల్ మీద గుడ్డ కప్పిన వస్తువుని చూపించాడు. మణి కాఫీ గ్లాసులు పట్టుకుని పక్కన నిలబడింది. అతను గుడ్డ తీశాడు. పెద్ద గాజు బుడ్డి, అందులో నీళ్లు, కింద నీలం లైటు. స్విచ్ వేస్తే నీళ్లలోంచి బుడగలు లేచాయి. పైనుంచి ఒక పైపు వచ్చి ముక్కుకి పెట్టుకునేలా చీలింది.

"జలశ్వాస," అన్నాడు లోవరాజు. "నీళ్లలోంచి హైడ్రోజన్ తీత్తాది. పీల్చుకుంటే ఆయాసం, సుగరు, మోకాళ్ల నెప్పులు, జుట్టు ఊడ్డం అన్నీ తగ్గుతాయి."

"జుట్టు ముక్కులోంచి మొలుస్తాదేటి బావా?"

"నీకు ఎకసెక్కమే. బయటి దేశాల్లో దీని మీద రీసెర్చి జరుగుతంది, తెలుసా?"

"జరుగుతంది. ఇంకా తేలలేదు కాబట్టే జరుగుతంది. హైడ్రోజన్ అంటే మండే గాలి. ఇంట్లో దీపం దగ్గర పెట్టుకుంటే ఏటవుతాదో చూసేవా? అసలు ఇది మెడికల్ డివైసా, ఇంట్లో వాడుకునే సామానా?"

లోవరాజు నవ్వాడు. ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టున్నాడు. "ఆస్పత్రోళ్లు అడిగితే డివైసు. ఇంటోళ్లు అడిగితే కన్స్యూమర్ ప్రొడక్టు. ఇన్‌స్పెక్టరు అడిగితే రూముకి అందంగా ఉంటాదని పెట్టుకునే లైటు."

మణి ముసిముసిగా నవ్వింది. మొగుడి తెలివికి ఆమె మురిసిపోని రోజు లేదు. ఆ నవ్వు చూసి శ్రీదేవికి అక్క మీద జాలి కూడా పోయింది.

"నువ్వు ఎవరికైనా అమ్ముకో," అంది. "అత్తకి మాత్రం పెట్టకు. ఆ ఆక్సిజన్ తీసి ఇది పెడితే మనిషి దక్కదు. ఒట్టెయ్యి."

"మా అమ్మ నాకంటే నీకెక్కువేటి?" అన్నాడు గానీ, ఆమె కదలకుండా నిలబడేసరికి తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. మంచం మీద కూర్చున్న దేముడమ్మ తల వంచి ఆ చేతిని నిమిరింది.

తర్వాత కొన్నాళ్లకి ఊళ్లో ఫ్లెక్సీలు లేచాయి. నెహ్రూచౌక్ దగ్గర ఒకటి, బెల్లం మార్కెట్ గేటు దగ్గర ఒకటి. వాటి మీద లోవరాజు తెల్లకోటు వేసుకుని చేతులు కట్టుకున్నాడు. మెడలో స్టెతస్కోపు కూడా ఉంది. అది ఎందుకో అతన్నే అడగాలి. కింద 'జలశ్వాస మహా ఆవిష్కరణ' అని ఉంది. ముఖ్య అతిథి బాబ్జి. సబ్బవరం చుట్టుపక్కల చెరకు తోటల్ని ప్లాట్లు కింద మార్చి అమ్మిన మనిషి. ఇప్పుడు భూములు అయిపోయి గాలి అమ్మకానికి దిగాడని శ్రీదేవి అనుకుంది.

ఆమె వెళ్లకూడదనుకుంది. ఆ రోజు మణి ఫోన్ చేసి, "అత్తయ్య కూడా వత్తన్నారు, నువ్వు రాకపోతే బాగోదే" అనడంతో డ్యూటీ మధ్యలో సెలవు చెప్పి ఆటో ఎక్కింది.

కల్యాణమండపం నిండిపోయి ఉంది. కె. కోటపాడు నుంచీ చీడికాడ నుంచీ వ్యాన్లు పెట్టి జనాన్ని తెచ్చారు. చెరకు రైతులు, వాళ్ల ఆడవాళ్లు, దగ్గుతూ వచ్చిన ముసలివాళ్లు. అందరికీ ఓ టోపీ, దాని మీద నీటి బొట్టు బొమ్మ. వేదిక మీద పెళ్లి సోఫాలో దేముడమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ముక్కుకి పైపు. ఆ పైపు వెళ్లి పక్క టేబుల్ మీదున్న గాజు బుడ్డి వెనక్కి దూరింది. నీలం లైటు వెలుగుతోంది, బుడగలు లేస్తున్నాయి.

లోవరాజు మైకు పట్టుకున్నాడు. ఇంట్లో మాట్లాడే భాషని ఇంట్లోనే వదిలేసి వచ్చాడు.

"సోదర సోదరీమణులారా! ఈమె నా కన్నతల్లి. రెండడుగులు వేయలేని స్థితిలో, ఆక్సిజన్ అనే కృత్రిమ వాయువుకి బానిసగా బతికిన మహిళ. ఈనాడు ఆక్సిజన్ లేదు. మందు లేదు. కేవలం నీరు! నీటిలో దాగిన ప్రాణం!"

చప్పట్లు మోగాయి. కృత్రిమ వాయువట! భూమి మీద ప్రతి పురుగూ పీల్చే ఆక్సిజన్‌కి అంత మాట పడింది. శ్రీదేవి జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి వెళ్లి మొదట అత్త పెదవులు చూసింది. తర్వాత గోళ్లు చూసింది. నీలం ఎక్కలేదు. బాగానే ఉంది. తీరిగ్గా ఊపిరి పీలుస్తోంది, అటు తిరిగి ఎవరికో నవ్వుతోంది కూడా.

శ్రీదేవి బుడ్డి వంకా అత్త వంకా మార్చి మార్చి చూసింది. తను చదివినదంతా తప్పా? ఆ దిక్కుమాలిన బుడ్డి నిజంగానే పని చేస్తోందా? అలాంటి అనుమానం తనకి వచ్చిందన్న ఉక్రోషంతోనే ఆమె ఇంకాస్త ముందుకి జరిగింది. అప్పుడు వినపడింది. బ్యాండు వాళ్ల సన్నాయి ఆగిన చోట, వేదిక వెనకనుంచి, బుస్సుమని ఒక నిట్టూర్పు. వెంటనే దడదడ.

ఆమె పక్క మెట్లమీంచి, వేదికకి తెరలా కట్టిన ఫ్లెక్సీ వెనక్కి వెళ్లింది. అక్కడ పెళ్లికూతుళ్లు తయారయ్యే గది. గది మధ్యలో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పని చేస్తోంది. చప్పుడు బయటికి రాకుండా దానిమీద రగ్గు కప్పారు. దానికున్న పైపు ఫ్లెక్సీ కింద నుంచి వేదిక మీదికి పాకి, టేబుల్‌కి పెట్టిన కన్నంలోంచి బుడ్డి చాటున పైకి వెళ్లి, అత్త ముక్కుకి చేరింది. గాజు బుడ్డిలోంచి వచ్చే పైపు వెనకవైపు ఊరికే గాలిలో వేలాడుతోంది. గుమ్మం దగ్గర మణి కాపలా ఉంది.

శ్రీదేవి రగ్గు లాగి అవతల పారేసింది. "మిషనుకి గాలి ఆడకుండా రగ్గు కప్పుతారేటే అక్కా! అత్త చచ్చిపోవాలనేనా?"

"అరవకే, బయటికి వినపడతాది," అంది మణి బిక్కమొహం వేసుకుని. "అత్తయ్యకి ఏటీ అవ్వకూడదనే కదా ఆయన ఇది పెట్టించేరు. నీకు ఒట్టేసేరు కదా."

"అంటే ఆ బుడ్డి మీద బావకే నమ్మకం లేదు."

"నమ్మకం ఉంది," అంది మణి. "భయం కూడా ఉంది."

శ్రీదేవి అక్క మొహంలోకి చూసింది. ఆ మొహంలో కపటం లేదు. నిజంగానే ఆ రెండూ ఒకచోట ఇమిడిపోయాయి. కన్నతల్లికి ఇవ్వడానికి భయపడ్డ గాలిని కోటపాడు ముసలాళ్లకి అమ్మడానికి బావకి ఏ భయమూ లేదన్న సంగతి అక్క బుర్రలోకి రాలేదు, వచ్చే దారీ లేదు. శ్రీదేవి చెయ్యి ప్లగ్గు మీదికి వెళ్లింది. పీకేస్తే ఈ నాటకం అక్కడితో సరి. కానీ ఆ పైపు అవతలి కొసన అత్త ముక్కు ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. మనిషి ఊపిరిని తెర చాటున నలుగురిని మోసం చెయ్యడానికి వాడుకున్నవాడి ముందు, తను అదే ఊపిరికి జడిసి ఆగిపోవలసి రావడం ఆమెకి ఒళ్లు మండించింది.

అంతలో కరెంటు పోయింది.

మండపం వాళ్ల జనరేటర్ వెంటనే అందుకుంది. వేదిక మీద లైట్లూ మైకూ, నీలం బుడ్డీ అన్నీ వెలిగాయి. ఈ గదికి మాత్రం జనరేటర్ లైను లేదు. కాన్సంట్రేటర్ ఆగిపోయి, చెవులు చిల్లులు పడేలా కూత పెట్టింది. కరెంటు లేదని చెప్పే అలారం అది.

బయట జనం గుసగుసలాడారు. లోవరాజు గొంతు మైకులో తడబడకుండా వచ్చింది. "కంగారు పడకండి! మన యంత్రంలో ప్రాణశక్తి పూర్తి స్థాయికి చేరిందని తెలియజేసే సంకేతం ఇది!"

శ్రీదేవి ఫ్లెక్సీ తప్పించి చూసింది. దేముడమ్మ సోఫా అంచుకి జరిగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చింది. భుజాలు లేస్తున్నాయి, పడుతున్నాయి. నోరు తెరిచింది. పెదవుల రంగు మారుతోంది. కొడుకు వైపు చూసింది. కొడుకు ఆమెని చూశాడు. చూసి, మొహం పాలిపోయి, అయినా మైకు వదల్లేదు.

"చూడండి! మా అమ్మ ఎంత గుండెలనిండా పీలుస్తోందో చూడండి!"

జనం చప్పట్లు కొట్టారు. మనిషి ఊపిరాడక గిలగిలలాడుతుంటే టోపీలు పెట్టుకున్న హాలంతా చప్పట్లు కొట్టింది. బాబ్జి ముందు వరసలో లేచి నిలబడి కొట్టాడు.

శ్రీదేవి కాన్సంట్రేటర్‌ని చక్రాల మీద లాక్కుంటూ, కూత పెడుతున్నదాన్ని అలాగే వేదిక మీదికి తెచ్చింది. ఫ్లెక్సీ సగం ఊడి, దాని మీది తెల్లకోటు లోవరాజు నడుం దగ్గర విరిగి వేలాడాడు. నీలం బుడ్డి ప్లగ్గు పీకి పారేసి, ఆ చోట కాన్సంట్రేటర్ ప్లగ్గు పెట్టింది. కూత ఆగింది. బుస్సుమంది. టేబుల్ కన్నంలోంచి పైపు బయటికి లాగి, మడత పడ్డచోట సరిచేసి, అత్త పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"అత్తా, నాకేసి చూడు. పెదాలు ముడిచి ఊదు. దీపం ఆర్పినట్టు మెల్లగా. మళ్లీ. నేనున్నాను, కంగారు పడకు."

మిషను అందుకోవడానికి కాసేపు పట్టింది. ఆ కాసేపూ హాల్లో పిల్లాడి ఏడుపు తప్ప చప్పుడు లేదు. దేముడమ్మ నీళ్లలో మునిగిపోతున్న మనిషిలా శ్రీదేవి భుజం పట్టుకుంది. మెల్లగా భుజాలు దిగాయి. పెదవులకి రంగు తిరిగింది.

అప్పుడు శ్రీదేవి లేచి లోవరాజు చేతిలోంచి మైకు తీసుకుంది. అతను ఇచ్చేశాడు.

"ఇది ఆక్సిజన్ మిషను," అంది. "ఇందాకటి నుంచీ మా అత్తకి ఊపిరి ఇచ్చింది ఇదే. వెనక దాచిపెట్టేరు. ఆ గాజు బుడ్డి పైపు దేనికీ తగిలించి లేదు, కావాలంటే వచ్చి చూసుకోండి. అది నమ్మి మీ మందులు మానేస్తే చచ్చిపోతారు."

ఇంక చెప్పడానికేమీ లేదనుకుంది. జనం లేస్తారు, తిడతారు, కుర్చీలు విరుగుతాయి, బావ తలెత్తుకోలేడు అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత చాన్నాళ్లు తనని తనే వెక్కిరించుకుంది.

మూడో వరసలోంచి ఒక కోటపాడు రైతు లేచాడు. తలమీద టోపీ సర్దుకుని మర్యాదగా అడిగాడు.

"అయితే అమ్మా, రెండు మిషన్లూ కలిపి ఇత్తారా, ఇడిగా కొనుక్కోవాలా?"

ఒకళ్లిద్దరు నవ్వారు. కానీ మిగతావాళ్లు నవ్వలేదు, జవాబు కోసం చూశారు. బాబ్జి చటుక్కున వేదిక ఎక్కేశాడు. "గురూ! కాంబో! ఒకటి నల్లది, ఒకటి నీలంది. మంచి పాయింటు పట్టేడు పెద్దాయన!"

లోవరాజు మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. తల్లి మొహంలోకి వచ్చిన దానికన్నా తొందరగా వచ్చింది. "నేను చెప్పబోయిందీ అదే," అన్నాడు ఇంకో మైకు అందుకుని. "దీన్ని డ్యూయల్ టెక్నాలజీ అంటారు."

శ్రీదేవికి తిట్టాలని కూడా అనిపించలేదు. తిట్టాలంటే అవతల మనిషి ఉండాలి. ఆమె ఆంబులెన్సుకి ఫోన్ చేసి, చిన్న సిలిండరు తెప్పించి, అత్తని తన ఆస్పత్రికి తీసుకుపోయింది. వెనకాల హాల్లో పేర్లు రాసుకునే టేబుల్ దగ్గర వరస కట్టారు.

ఆస్పత్రిలో కుదుటపడ్డాక దేముడమ్మని గవరపాలెంలో తన ఇంటికే తెచ్చేసుకుంది. "ముందుగది అత్తకి ఇచ్చేద్దాం, అక్కడైతే గాలి బాగా వత్తాది" అన్నాడు ఆమె భర్త త్రినాథ్. కరెంటు పోయినా మిషను ఆగకుండా బ్యాటరీ కూడా అతనే పెట్టించాడు. మణి వచ్చి ఏడ్చి, అత్త చీరలు ఇచ్చి వెళ్లింది. మొగుడి గురించి ఒక్క మాట పడనివ్వలేదు.

ఓ సాయంత్రం శ్రీదేవి ఉండబట్టలేక అడిగింది. "అంతా తెలిసి నువ్వెందుకు కూచున్నావు అత్తా?"

"ఆడు 'అమ్మా, ఓ గంట కూకోయే' అన్నాడు. సీర కొన్నాడు. కూకున్నాను." దేముడమ్మ కాసేపు ఊపిరి తీసుకుంది. "గాలి ఆగిపోయినప్పుడు మాత్రం బయపడిపోనానే."

"చచ్చిపోతానని భయమేసిందా?"

"సావుకేటి. అక్కడ సచ్చిపోతే ఆడి మిషనుకి సెడ్డపేరు వచ్చీదా నేదా? అదీ బయం."

శ్రీదేవి లేచి వంటింట్లోకి వెళ్లిపోయి, అక్కడ నిలబడి గట్టిగా ఊపిరి వదిలింది.

జలశ్వాస మీద మందుల తనిఖీ ఆఫీసుకి ఫిర్యాదు చేసింది. దాని కోసం విశాఖపట్నం రెండుసార్లు తిరిగింది. ఆ ఆఫీసులో ఒకాయన ఆమె తెచ్చిన జలశ్వాస డబ్బా తిప్పి అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివి వినిపించాడు. 'ఇది ఏ వ్యాధికీ చికిత్స కాదు. గృహాలంకరణ, ఉల్లాసం కొరకు మాత్రమే.' రోగం తగ్గుతుందని రాసి ఉంటే తమ పరిధి అట. నోటితో చెప్పినదానికి సాక్ష్యం కావాలట. హాల్లో అంతమంది విన్నారు కదా అంటే, వాళ్లలో ఎవరైనా వచ్చి చెప్తారా అని అడిగాడు. టోపీలు గుర్తొచ్చి ఆమె కాగితాలు సంచిలో సర్దుకుని లేచింది.

జలశ్వాస బాగానే అమ్ముడుపోయింది. కొన్నవాళ్లలో చాలామంది దాన్ని టీవీ పక్కన పెట్టుకున్నారు. లైటు బాగుంటుందట. ఎవరూ చావలేదు గానీ, ఇన్హేలర్ మానేసిన ఒకాయన్ని ఐసీయూకి తెస్తే శ్రీదేవే వెంటిలేటర్ పెట్టి, నిలబెట్టి, పంపింది. వెళ్తూ ఆయన, ఆ మిషను ఎక్కువసేపు వాడకపోవడం వల్లే తనకి అలా అయిందని భార్యతో చెప్పడం ఆమె చెవిన పడింది.

వానాకాలం మొదట్లో లోవరాజు గవరపాలెం వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పి, తల్లి మంచం దగ్గర కూర్చున్నాడు. కొత్త డబ్బా చేతిలో ఉంది, ఖాళీది. దాని మీద తల్లి ఫొటో అచ్చు వేయించాడు. పట్టుచీర, నవ్వు. ముక్కు దగ్గర పైపు కంప్యూటర్లో తీసేయించాడు. చెంపలకి రంగు వేయించాడు.

"సూడమ్మా, నువ్వే."

దేముడమ్మ డబ్బాని కళ్ల దగ్గరికి పెట్టుకుంది. వేలితో ముక్కు మీద రాసి చూసింది. "ఓలమ్మ, పైపు నేదు," అంది. మొహం వెలిగిపోయింది. "సూడే శ్రీదేవీ, పొయ్యి కాడికి ఎల్లకముందు ఇలగే ఉండీదాన్ని."

శ్రీదేవి బావ వైపు చూసింది. అతను ఏదో మెచ్చుకోలు మాట కోసం ఎదురు చూస్తున్నాడు. ఆమె కాఫీ కూడా ఇవ్వలేదు. అతను వెళ్తూ వెళ్తూ బ్యాటరీని వంగి పరీక్షగా చూసి, "దీన్ని సోలార్ చెయ్యొచ్చు" అని ఆలోచనలో పడి మెట్లు దిగాడు.

డబ్బా ఎక్కడ పెట్టాలో దేముడమ్మకి తెలియలేదు. ఒళ్లో పెట్టుకునే భోంచేసింది, పక్కలో పెట్టుకునే పడుకుంది.

మర్నాడు ఆమె నిద్ర లేవకముందే శ్రీదేవి కత్తెర తెచ్చి కూర్చుంది. ఫొటో ఉన్నంత మేరా అంచులు చెదరకుండా కత్తిరించి, అత్త మంచం ఎదుట గోడకి అంటించింది. మిగిలిన అట్టని, దాని మీది నీటి బొట్టుతోనూ బంగారు అక్షరాలతోనూ కలిపి, కాలితో నాలుగు మడతలు తొక్కి, వీధిలో ఆగిన చెత్తబండిలో వేసి వచ్చింది.